బంకమన్ను శిలలలో రంధ్రజలం: కడప, కర్నూలు ప్రాంతం

రంధ్రజలం అంటే రాతి రేణువుల నడుమ ఉండే అతిసన్నని ఖాళీలలో చిక్కుకుని ఉన్న నీరు. ఇసుకరాతిలోనో, పగుళ్లున్న సున్నపురాతిలోనో ఉన్న నీరు బోరు వేస్తే బయటికి వస్తుంది. బంకమన్ను ఎక్కువగా ఉన్న శిలలలో మాత్రం నీరు ఉన్నప్పటికీ బావిలోకి తేలికగా ఊరదు. పలకలు పలకలుగా విడిపోయే బంకమన్ను రాతిని షేలు అంటారు. ఇటువంటి రాతి నుండి నీటిని వెలికితీసి, అందులో ఏయే లవణాలు, లోహాలు ఎంతెంత ఉన్నాయో లెక్కకట్టడం భూరసాయన శాస్త్రంలో ఒక ప్రత్యేక విభాగంగా ఎదిగినది.

రాయలసీమలోని కడప, కర్నూలు, నంద్యాల జిల్లాలలో షేలు శిలలు విస్తారంగా ఉన్నాయి. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గని, దాని వ్యర్థాల చెరువు విషయంలో తలెత్తిన వివాదం వలన ఈ శాస్త్రానికి స్థానికంగా ప్రాముఖ్యత ఏర్పడినది. బోరు నీటిలో కనిపించే యురేనియం రాతిలో సహజంగా ఉన్నదా, లేక చెరువు నుండి ఊరినదా అన్నదే ఆ వివాదంలోని అసలు ప్రశ్న. దీనికి బోరు నీటి పరీక్ష ఒక్కటే సమాధానం చెప్పలేదు. చెరువుకూ బోరుకూ మధ్యనున్న మన్ను, రాయి తమలో పట్టి ఉంచుకున్న నీటిని కూడా పరీక్షించవలసి ఉంటుంది.

రాతిలో నీరు ఉండే తీరు

ఒక రాతి ఘనపరిమాణంలో ఖాళీల వంతును సచ్ఛిద్రత అంటారు. ఆ ఖాళీల గుండా నీరు ఎంత సులువుగా ప్రవహించగలదో తెలిపేది పారగమ్యత. ఈ రెండూ ఒకటి కావు. మట్టికుండ గోడలో ఖాళీలు చాలా ఉంటాయి, కుండ పైన చెమరుస్తుంది కూడా. అయినా కుండలోని నీరు ధారగా కారిపోదు. బంకమన్ను శిలల స్వభావం ఇటువంటిదే.

బంకమన్ను ఖనిజాలు అతిపలుచని పొరలుగా ఉంటాయి. పొరల ఉపరితలంపై ఋణ విద్యుదావేశం ఉంటుంది. అందువలన వాటిలోని నీరు మూడు విధాలుగా ఉంటుంది. మొదటిది ఖనిజపు పొరల మధ్యనే ఇమిడి ఉన్న నీరు. రెండవది పొరల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని, సోడియం, కాల్షియం వంటి ధన అయాన్లతో నిండి ఉన్న నీరు. మూడవది రంధ్రం నడుమ స్వేచ్ఛగా ఉన్న నీరు. క్లోరైడు వంటి ఋణ అయాన్లను ఖనిజపు ఉపరితలం వికర్షిస్తుంది కాబట్టి అవి ప్రధానంగా మూడవ రకం నీటిలోనే ఉంటాయి. ఒకే రాతిలో ఒక్కొక్క చోట నీటి కూర్పు ఒక్కొక్క విధంగా ఉండడం వలన "ఈ రాతిలోని నీటిలో ఉప్పు ఎంత?" అన్న మామూలు ప్రశ్న కూడా కష్టమైనదిగా మారుతుంది.

కడప బేసిను శిలలు

ఆంధ్రప్రదేశ్ దక్షిణ భాగంలో నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన అవక్షేప శిలల ప్రాంతాన్ని భూవిజ్ఞానులు కడప బేసిను అంటారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ప్రచురించిన గ్రంథం ఈ శిలల వర్గీకరణకు పునాది వేసినది. ఊళ్ల పేర్లే శిలల పేర్లుగా స్థిరపడడం ఈ వర్గీకరణలోని విశేషం.

అడుగున ఉన్న పాపఘ్ని వర్గంలో గుల్చెరువు క్వార్ట్జైటు, దానిపై వేంపల్లె శిలలు ఉన్నాయి. వాటిపైన చిత్రావతి వర్గంలో పులివెందుల క్వార్ట్జైటు, తాడిపత్రి షేలు, గండికోట క్వార్ట్జైటు వస్తాయి. తూర్పున నల్లమల వర్గంలో కంభం షేలు ఉన్నది. వీటికంటే తరువాతి కాలానికి చెందిన కర్నూలు వర్గంలో బనగానపల్లె క్వార్ట్జైటు, నార్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్జైటు, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అన్న వరుస కనిపిస్తుంది.

సున్నపురాయికీ షేలుకూ ఉన్న తేడాను ఈ ప్రాంతంలోనే చూడవచ్చు. నార్జి సున్నపురాతిని నీరు కరిగించి బెలూం గుహలను తొలచినది. అటువంటి సొరంగాలలో నీరు గంటలలో మైళ్లు ప్రయాణించగలదు. దాని పైననే ఉన్న అవుకు షేలులో, పగుళ్లు లేనిచోట, నీరు దాదాపు కదలదు. అందువలన సున్నపురాతి నీరు నిన్నమొన్నటి వానల సంగతి చెబితే, షేలులోని నీరు అతి పూర్వకాలపు సంగతి చెబుతుంది.

తుమ్మలపల్లె వద్ద యురేనియం ఉన్నది వేంపల్లె శిలలలోని డోలమైటు పొరలో. ఆ పొర కింద గులకరాతి పొర, దాని కింద సున్నపురాయి ఉన్నాయి. పైన షేలు, దానిపై చెకుముకి రాయి కలిసిన సున్నపురాయి ఉన్నాయి. అంటే యురేనియం పొరను ఆనుకునే షేలు పొర ఉన్నది. పులివెందుల ప్రాంతంలో ఈ శిలలలోకి చొచ్చుకు వచ్చిన అగ్నిశిలల వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని లెక్కించారు కాబట్టి వేంపల్లె శిలలు అంతకంటే పాతవి.

తుమ్మలపల్లె వివాదం నేపథ్యం

వేంపల్లె డోలమైటులో యురేనియం ఉన్నదని 1980ల దశకంలో గుర్తించారు. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ప్రతిపాదించిన గని, శుద్ధి కర్మాగారాలపై 2006లో బహిరంగ విచారణ జరిగినది. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో కర్మాగారం పని ప్రారంభించినది. దీని సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ముడిఖనిజం.

ఝార్ఖండ్‌లోని జాదుగూడ వంటి చోట్ల యురేనియాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె ముడిఖనిజం డోలమైటు కాబట్టి ఆమ్లమంతా ఆ రాతిని కరిగించడానికే ఖర్చయిపోతుంది. అందువలన ఇక్కడ సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు ద్రావణంతో, అధిక పీడనంలో, ప్రాణవాయువు సహాయంతో క్షార పద్ధతిని అనుసరిస్తారు. యురేనియాన్ని తీసిన తరువాత మిగిలే రాతిపిండిని, ద్రవాన్ని గొట్టాల ద్వారా కె.కె. కొట్టాల సమీపంలోని వ్యర్థాల చెరువుకు పంపుతారు. స్థానికులు దీనిని టెయిల్ పాండ్ అని పిలుస్తారు. ముడిఖనిజంలోని యురేనియాన్ని తీసివేసినా రేడియం, థోరియం వంటివి వ్యర్థాలలోనే ఉండిపోతాయి. సాధారణంగా ముడిఖనిజంలోని మొత్తం రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థాలలో మిగులుతుంది. వీటితోపాటు సోడియం లవణాలు అధిక మొత్తంలో చేరుతాయి.

చెరువు చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ బోర్ల నీరు పాడైనదని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, పొలాలలో తెల్లని ఉప్పు తేరుతున్నదని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, చెరువు అడుగున షరతుల ప్రకారం పొర వేయలేదన్న కారణంపై సంస్థకు నోటీసు ఇచ్చినది. ఈ ప్రాంతం యురేనియం నిక్షేపాలున్న ప్రాంతమని, భూగర్భజలంలో యురేనియం సహజంగానే ఉంటుందని సంస్థ వాదించినది.

ఈ రెండు వాదనలలో ఏదీ అసంభవం కాదు. యురేనియం ఉన్న రాతిని ఆనుకుని ఉన్న నీటిలో యురేనియం కరగడం సహజమే. సరైన పొర లేని చెరువు నుండి నీరు ఇంకడమూ సహజమే. రెండూ ఒకేచోట, ఒకే సమయంలో జరుగుతూ ఉండవచ్చు కూడా. అందువలన "ఉన్నదా, లేదా" అన్న ప్రశ్న కంటే "ఏది ఎంత?" అన్న ప్రశ్న సరైనది.

బోరు నీటి పరీక్ష ఎందుకు చాలదు

రాయలసీమ బోర్లు సాధారణంగా వందల అడుగుల లోతు ఉంటాయి. పైభాగంలో మాత్రమే కేసింగు పైపు వేసి, కింద రాతిని అలాగే వదలివేస్తారు. ఆ రంధ్రంలోకి అనేక పొరల నుండి, పగుళ్ల నుండి నీరు చేరి కలిసిపోతుంది. పరీక్షకు ఇచ్చిన సీసాలోని నీరు ఏ లోతు నుండి వచ్చినదో చెప్పలేము. వానలు బాగా కురిసిన సంవత్సరం సాంద్రత తగ్గుతుంది, కరవు సంవత్సరం పెరుగుతుంది. సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లకు మించని ఈ జిల్లాలలో ఈ హెచ్చుతగ్గులు ఎక్కువ. కాబట్టి ఒక సంవత్సరపు పరీక్షను మరొక సంవత్సరపు పరీక్షతో పోల్చి ఎవరికి అనుకూలంగానైనా వాదించవచ్చు.

బంకమన్నులోని రంధ్రజలం ఇటువంటి తొందరపాటు మార్పులకు లోను కాదు. అందులో పదార్థాలు ప్రధానంగా విసరణ ద్వారా కదులుతాయి. గట్టి బంకమన్నులో విసరణ గుణకాన్ని సెకనుకు ఒక చదరపు మీటరులో వెయ్యి కోట్లవ వంతుగా తీసుకుంటే, ఒక మీటరు దూరం దాటడానికి సుమారు 160 సంవత్సరాలు పడుతుంది. చెరువు కిందనున్న మన్నును అడుగు అడుగుకూ కోసి, ఒక్కొక్క ముక్కలోని నీటిలో సోడియం, సల్ఫేటు, యురేనియం ఎంత ఉన్నాయో రేఖాపటం గీస్తే, అది ఒక దినచర్య పుస్తకంలా చదవడానికి వీలవుతుంది. పైన ఎక్కువగా, కిందికి పోయేకొద్దీ క్రమంగా తగ్గుతూ ఉంటే ఆ పదార్థం పైనుండి దిగుతున్నదని అర్థం. కింద ఎక్కువగా, పైకి వచ్చేకొద్దీ తగ్గుతూ ఉంటే అది రాతి నుండి పైకి వస్తున్నదని అర్థం. బోరు నీటి సీసా ఈ తేడాను చూపలేదు.

రంధ్రజలాన్ని వెలికితీసే పద్ధతులు

బంకమన్ను శిలలలో అణువ్యర్థాలను పాతిపెట్టడానికి ఐరోపా దేశాలు చేసిన పరిశోధనల వలన ఈ పద్ధతులు అభివృద్ధి చెందాయి. బెల్జియంలోని మోల్, స్విట్జర్లాండ్‌లోని మోంటెర్రి, ఫ్రాన్సులోని బ్యూర్ వద్ద బంకమన్ను శిలలలో భూగర్భ ప్రయోగశాలలు ఉన్నాయి. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థకు చెందిన అణుశక్తి ఏజెన్సీ 2000లో ఈ పద్ధతులన్నింటినీ సమీక్షించి ఒక నివేదిక ప్రచురించినది. ముఖ్యమైన పద్ధతులు ఇవి:

పిండడం: రాతి ముక్కను ఉక్కు గదిలో ఉంచి అత్యధిక పీడనంతో నొక్కి నీటిని బయటికి రప్పిస్తారు. కొబ్బరి తురుమును పిండితే మొదట చిక్కని పాలు, తరువాత పలుచని పాలు వచ్చినట్లే, ఇక్కడా పీడనం పెరిగేకొద్దీ వచ్చే నీటి కూర్పు మారుతుంది. సాధారణంగా మొదట వచ్చిన నీరు అసలు నీటికి దగ్గరగా ఉంటుంది. తరువాత వచ్చే నీటిలో ఉప్పు తగ్గుతుంది.

అపకేంద్ర యంత్రం: ముక్కను అతివేగంగా తిప్పి నీటిని వేరుచేస్తారు. ఇది మెత్తని తడిమన్నుకు పనికివస్తుంది, గట్టి రాతికి పనికిరాదు.

నీటితో కడగడం: రాతిని పొడిచేసి, శుద్ధజలంలో కలిపి, కరిగిన లవణాలను కొలుస్తారు. ఇది చౌకైన పద్ధతి. కాని పొడి చేసినప్పుడు సున్నం, జిప్సం కరుగుతాయి, ఇనుపగంధకం గాలికి ఆక్సీకరణం చెంది సల్ఫేటుగా మారుతుంది, అయాన్ వినిమయం జరుగుతుంది. ఖనిజాలతో కలవని క్లోరైడు విషయంలోనే ఫలితాన్ని బాగా నమ్మవచ్చు.

స్వేదనం: రాతిని శూన్యంలో వేడిచేసి ఆవిరిని పట్టుకుంటారు. దీనివలన లవణాల సంగతి తెలియదు. నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులను తెలుసుకోవచ్చు. నీరు పూర్తిగా బయటికి రాకపోతే ఆ ఫలితమూ తప్పుతుంది.

ఆవిరి వినిమయం: రాతి ముక్కను, కూర్పు తెలిసిన కొద్దిపాటి నీటిని ఒకే మూతపెట్టిన పాత్రలో విడివిడిగా ఉంచుతారు. కొన్ని వారాలకు ఆవిరి ద్వారా రెండింటి ఐసోటోపులు సమానమవుతాయి. నీటిలో వచ్చిన మార్పును బట్టి రాతిలోని నీటి కూర్పును లెక్కిస్తారు.

ఊట కోసం వేచి ఉండడం: బోరు రంధ్రంలో ఒక భాగాన్ని రెండు వైపులా మూసివేసి, గాలి తగలకుండా, నీరు ఊరేదాకా నెలలు, సంవత్సరాలు వేచి ఉంటారు. ఇందులో వచ్చిన నీరు అసలైనది. అయితే ఓపిక, ఖర్చు రెండూ కావాలి.

పీల్చే గొట్టాలు: పూర్తిగా తడవని పైమన్నులో సచ్ఛిద్రమైన పింగాణీ కొన ఉన్న గొట్టాన్ని పాతి, శూన్యం కల్పించి నీటిని పీలుస్తారు. వ్యవసాయ పరిశోధనలో ఇది చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి.

ఈ ప్రాంతానికి తగిన పద్ధతి

ఐరోపా ప్రయోగశాలలలోని శిలలకూ, కడప బేసిను శిలలకూ పెద్ద తేడా ఉన్నది. మోంటెర్రి బంకమన్ను రాయి సుమారు 17 కోట్ల సంవత్సరాల నాటిది, సచ్ఛిద్రత సుమారు 16 శాతం. వందకోట్ల సంవత్సరాలకు పైబడిన షేలులు భూమి బరువుకు బాగా నొక్కుకుపోయి ఉంటాయి. ఇటువంటి వాటిలో సచ్ఛిద్రత సాధారణంగా కొద్ది శాతం మాత్రమే.

దీని పర్యవసానాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. 8 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న రాతి ముక్క ఘనపరిమాణం సుమారు 500 ఘన సెంటీమీటర్లు. సచ్ఛిద్రత 16 శాతమైతే అందులో 80 మిల్లీలీటర్ల నీరు ఉంటుంది, పిండితే కొంతైనా వస్తుంది. సచ్ఛిద్రత 3 శాతమైతే ఉండేది 15 మిల్లీలీటర్లే. అందులో అధికభాగం ఖనిజాలను అంటిపెట్టుకుని ఉన్నందువలన ఎంత పిండినా దాదాపు ఏమీ రాదు.

నీటితో కడిగే పద్ధతిలో మరొక చిక్కు ఉన్నది. అటువంటి షేలు 100 గ్రాములలో నీరు సుమారు 1 మిల్లీలీటరు ఉంటుంది. దానిని 100 మిల్లీలీటర్ల శుద్ధజలంలో కలిపితే లవణాల సాంద్రత వంద రెట్లు పలుచబడుతుంది. అసలు సాంద్రత తెలుసుకోవడానికి ఫలితాన్ని మళ్లీ వందతో గుణించాలి. రాతిలోని నీటిని కొలవడంలో పదవ వంతు మిల్లీలీటరు పొరపాటు జరిగినా సమాధానంలో 10 శాతం పొరపాటు వస్తుంది. కోర్లు వేసవి ఎండలో ఒక పూట ఉన్నా ఇంతకంటే ఎక్కువ నీరు ఆవిరైపోతుంది. అందువలన కోరును బయటికి తీసిన నిమిషాలలోనే గాలి చొరని సంచులలో మూసి, తూకం వేయవలసి ఉంటుంది.

కాబట్టి ఈ ప్రాంతంలో పనిని రెండుగా విభజించుకోవడం యుక్తం. లోతైన షేలుకు ఆవిరి వినిమయం, క్లోరైడు కోసం కడిగే పద్ధతి సరిపోతాయి. చెరువు చుట్టూ ఉన్న పైమన్నుకు, నల్లరేగడికి, శిథిలమైన షేలుకు పిండడం, అపకేంద్ర యంత్రం, పీల్చే గొట్టాలు అనుకూలమైనవి. వివాదానికి సమాధానం ఎక్కువగా దొరికేది ఈ పై మీటర్లలోనే.

సహజ యురేనియాన్ని, వ్యర్థాల యురేనియాన్ని గుర్తించడం

నీటిలో యురేనియం ఎంత ఉన్నదన్న ఒక్క సంఖ్య దాని పుట్టుకను చెప్పదు. తోడుగా ఉన్న పదార్థాలు చెబుతాయి. సున్నపురాతి, డోలమైటు ప్రాంతపు సహజ జలంలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు ప్రధానంగా ఉంటాయి. క్షార పద్ధతి వ్యర్థాలలో సోడియం, సల్ఫేటు, కార్బొనేటు ప్రధానంగా ఉంటాయి. యురేనియంతోపాటు సోడియం, సల్ఫేటు కూడా చెరువు వైపు వెళ్లేకొద్దీ పెరుగుతూ ఉంటే వ్యర్థాల వైపు అనుమానం బలపడుతుంది. అయితే రాయలసీమలోని చౌడు నేలలలో సోడియం సహజంగానే ఎక్కువ. ఎరువుల వలన కూడా సల్ఫేటు చేరుతుంది. అందువలన చెరువుకు దూరంగా, అదే రకపు నేలలో, పోలిక కోసం నమూనాలు తీయడం తప్పనిసరి.

మరొక సాధనం ఐసోటోపుల నిష్పత్తి. యురేనియం-238 విఘటనం చెందే క్రమంలో యురేనియం-234 పుడుతుంది. అలా పుట్టేటప్పుడు ఖనిజపు అల్లిక దెబ్బతినడం వలన యురేనియం-234 నీటిలోకి తేలికగా వస్తుంది. అందువలన సహజ భూగర్భజలంలో ఈ రెండింటి రేడియోధార్మికతల నిష్పత్తి తరచుగా ఒకటికంటే ఎక్కువ. కర్మాగారంలో ముడిఖనిజాన్ని పిండిచేసి కరిగిస్తారు కాబట్టి ఆ ద్రావణంలో నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటుంది. ఈ ఒక్క ఆధారంతో నిర్ణయానికి రాకూడదు గాని, సోడియం, సల్ఫేటులతో కలిపి చూసినప్పుడు ఇది బలమైన సాక్ష్యం అవుతుంది.

గని ప్రారంభానికి ముందున్న స్థితి తెలియడం అన్నింటికంటే ముఖ్యం. అన్వేషణ కాలంలో తీసిన కోర్లు ఎక్కడ భద్రంగా ఉన్నా, వాటిలోని నీరు ఆరిపోయి ఉంటుంది గాని లవణాలు రాతిలోనే ఉంటాయి. వాటిని కడిగి, కొత్త కోర్లతో పోల్చితే మార్పు ఎంతో కొంతవరకైనా తెలుస్తుంది.

చెరువు అడుగున బెంటొనైటు

వ్యర్థాల చెరువుల అడుగున బెంటొనైటు అనే బంకమన్నును పొరగా వేయడం వాడుక. దేశంలో ఇది ప్రధానంగా గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బార్మేర్ ప్రాంతాలలో దొరుకుతుంది. తడిస్తే ఉబ్బి ఖాళీలను పూడ్చివేయడం దీని గుణం. అయితే ఎంత ఉబ్బుతుందన్నది దాని రంధ్రజలంపై ఆధారపడుతుంది. మంచినీటితో తడిసిన సోడియం బెంటొనైటు బాగా ఉబ్బుతుంది. మొదటినుండీ చిక్కని ఉప్పునీటితో తడిస్తే అంత ఉబ్బదు. అందులోని సోడియం స్థానంలో సున్నపురాతి నీటి నుండి కాల్షియం చేరినా ఉబ్బే గుణం తగ్గుతుంది. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చినట్లే ఆరిపోయిన బెంటొనైటు కూడా పగులుతుంది. కాబట్టి పొర వేశామా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. వేసిన పొరలోని నీటి కూర్పు పదేళ్ల తరువాత ఎలా మారినదన్నది రెండవ ప్రశ్న.

యురేనియం విషయంలో మరొక సూక్ష్మం ఉన్నది. బంకమన్ను ధన అయాన్లను పట్టి ఉంచుతుందని, అందువలన లోహాలు దాటిపోవని సాధారణంగా చెబుతారు. ఆక్సీకరణ స్థితిలో కార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో యురేనియం కార్బొనేటుతో కలిసి ఋణావేశం గల సమ్మేళనంగా మారుతుంది. బంకమన్ను ఉపరితలమూ ఋణావేశమే కాబట్టి దానిని పట్టి ఉంచలేదు. క్షార పద్ధతిని అనుసరించే చోట వ్యర్థ జలం సరిగ్గా ఇటువంటిదే. మరోవైపు, గాలి చొరని, సేంద్రియ పదార్థం, ఇనుపగంధకం ఉన్న షేలులో యురేనియం క్షయకరణం చెంది కరగని రూపంలో నిలిచిపోతుంది. అడ్డుగా ఉన్న పొర ఏ రకమైనదో తెలియకుండా భద్రత గురించి ఏమీ చెప్పలేము.

ఊట పరిమాణాన్ని కూడా లెక్కించి చూడవచ్చు. గట్టిగా దిమ్మిస చేసిన బంకమన్ను పొరలకు సాధారణంగా కోరే గరిష్ఠ పారగమ్యత సెకనుకు ఒక మీటరులో వందకోట్లవ వంతు. నీటి ఒత్తిడి వాలు ఒకటి అనుకుంటే సంవత్సరానికి సుమారు 3 సెంటీమీటర్ల నీరు పొరను దాటుతుంది. 10 హెక్టార్ల ఊహాత్మక చెరువుకు ఇది ఏటా సుమారు 3,150 ఘన మీటర్లు. పలుచని పొరపై లోతైన నీరు నిలిచి ఉంటే ఒత్తిడి వాలు పదింతలు కావచ్చు, ఊట కూడా పదింతలవుతుంది. నియమానికి సరిపోయిన పొర నుండి కూడా కొంత ఊట ఉంటుందని, పొర లేనిచోట ఇది ఎన్నో రెట్లు పెరుగుతుందని దీనివలన తెలుస్తున్నది.

ఆరోగ్య ప్రమాణాలు

తాగునీటిలో యురేనియం వలన ప్రధానంగా మూత్రపిండాలకు హాని. ఇది రేడియోధార్మికత వలన కాక, లోహపు విషగుణం వలన కలిగే హాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో లీటరుకు 15 మైక్రోగ్రాములను, 2011లో 30 మైక్రోగ్రాములను తాత్కాలిక మార్గదర్శక పరిమితిగా సూచించినది. భారత అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60 మైక్రోగ్రాములు. భారతీయ ప్రమాణాల సంస్థ తరువాత 30 మైక్రోగ్రాములనే స్వీకరించినది. లీటరుకు 45 మైక్రోగ్రాములు ఉన్న బోరు నీరు ఒక ప్రమాణం ప్రకారం సురక్షితం, మరొక ప్రమాణం ప్రకారం కాదు. ఒకే ఫలితాన్ని ఇరుపక్షాలు రెండు విధాలుగా చెప్పుకోవడానికి ఇదొక కారణం. యురేనియం ఎక్కడినుండి వచ్చినదో తేలేవరకు వేచి ఉండకుండా, పరిమితి మించిన బోర్ల వారికి ప్రత్యామ్నాయ తాగునీరు ఇవ్వడం వేరుగా చూడవలసిన విషయం. తాగేవారికి హాని విషయంలో సహజ యురేనియానికీ వ్యర్థాల యురేనియానికీ తేడా లేదు.

కర్నూలు, నంద్యాల జిల్లాలకు సంబంధించినంతవరకు

యురేనియం అన్వేషణ కడప జిల్లాకే పరిమితం కాలేదు. 2019లో అప్పటి కర్నూలు జిల్లాలోని ఆళ్లగడ్డ ప్రాంతంలో అన్వేషణ తవ్వకాలపై నిరసనలు జరిగాయి. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అటవీ ప్రాంతంలో అన్వేషణ బోర్ల ప్రతిపాదనను చుట్టుపక్కల గ్రామస్థులు వ్యతిరేకించారు. తుమ్మలపల్లె అనుభవమే వారి భయానికి ముఖ్య కారణం.

ఈ ప్రాంతాలలో గనులు రావాలా వద్దా అన్నది ప్రజలు, ప్రభుత్వాలు నిర్ణయించవలసిన విషయం. నిర్ణయం ఏదైనా, తవ్వకానికి ముందున్న స్థితిని నమోదు చేయడానికి వీలున్నది ముందే. తుమ్మలపల్లెలో ఇప్పుడు వాదనలు తెగకపోవడానికి మూలకారణం, ఇరుపక్షాలూ అంగీకరించే తొలినాటి కొలతలు ప్రజల ముందు లేకపోవడం. అన్వేషణ కోసం తీసే ప్రతి కోరునుండి కొన్ని ముక్కలను గాలి చొరకుండా మూసి ఉంచి, రంధ్రజలాన్ని విశ్లేషించి, ఫలితాలను గ్రామ పంచాయతీలకు తెలుగులో అందజేస్తే, పాతికేళ్ల తరువాత వచ్చే తగవుకు ఆనాడే సాక్ష్యం సిద్ధమై ఉంటుంది. ఒక బోరు తవ్వకానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు స్వల్పం.

సారాంశం

బంకమన్ను శిలలలోని నీరు తాగడానికి గాని, సాగుకు గాని పనికివచ్చే నీరు కాదు. దాని విలువ అది మోసుకువచ్చే సమాచారంలో ఉన్నది. తుమ్మలపల్లె వంటి చోట చెరువుకూ బోరుకూ నడుమ ఉన్న కొద్ది మీటర్ల మన్ను, రాయి ఇరుపక్షాలకూ చెందని సాక్షి. ఆ సాక్ష్యాన్ని సేకరించే పద్ధతులు ఉన్నాయి, వాటి హద్దులు కూడా తెలిసినవే. నమూనాలను ఇరుపక్షాల సమక్షంలో సేకరించి, ఒకటికంటే ఎక్కువ ప్రయోగశాలలలో పరీక్షించి, ఫలితాలను బహిరంగపరచినప్పుడే ఆ సాక్ష్యానికి విలువ ఏర్పడుతుంది.